హనుమంతరావు తర్వాత ఎవరు?

బందరు జాతీయ కళాశాల నుంచి అమెరికా నల్లజాతి కాలేజీల దాకా: చిన్న కళాశాల పాతికేళ్ల ముందుచూపు

మోపిదేవిలో బస్సెక్కి చల్లపల్లి మీదుగా బందరు వెళ్లే డిగ్రీ పిల్లల్ని కోపల్లె హనుమంతరావు ఎవరని అడిగి చూడండి. ఎక్కువమంది తెల్లమొహం వేస్తారు. పింగళి వెంకయ్య తెలుసు, ఆయన జెండా తెలుసు. భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరు పోటీ పరీక్షల పుణ్యమా అని తెలుసు. ఆ ఇద్దరి జీవితాలతోనూ ముడిపడిన ఒక కళాశాలను కట్టి, దానికోసం అరిగిపోయిన మనిషి మాత్రం తెలియదు. తప్పు పిల్లలది కాదు, వాళ్లకు చెప్పని మనది.

ఆ కళాశాల పేరు ఆంధ్ర జాతీయ కళాశాల. 1910లో మచిలీపట్నంలో పుట్టింది. తెల్లదొరల విద్య మనకు గుమాస్తాల్ని తప్ప మనుషుల్ని ఇవ్వడం లేదని నమ్మినవాళ్లు, దొరల సొమ్ము ముట్టకుండా, దొరల గుర్తింపు అడక్కుండా పెట్టుకున్న కళాశాల అది. అలాంటి సంస్థ నూరేళ్లు నిలవాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్నకు మన దగ్గర ఉన్నది సగం జవాబే. మిగతా సగం అమెరికాలో, ఒకప్పటి బానిసల పిల్లల కోసం పుట్టిన చిన్న చిన్న కళాశాలల్లో దొరుకుతుంది.

ముగ్గురు మిత్రులు

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి. ముగ్గురూ బందరు నోబుల్ కాలేజీ విద్యార్థులు, ముగ్గురూ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి శిష్యులు. నోబుల్ కాలేజీ మూలం 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ తెరిచిన ఇంగ్లిష్ బడి. ఆ రోజుల్లో పై కులాల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని తెరిచిన బడి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో తిరిగారు. రాజమండ్రిలో, బెజవాడలో, బందరులో ఆయన ఉపన్యాసాలకు జనం విరగబడ్డారు. ఆ వేడిలోనే రాజమండ్రిలో వందేమాతరం అన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు కాలేజీకి దూరమయ్యారు. సర్కారు కాలేజీ తలుపు వేస్తే వెళ్లడానికి మనకంటూ ఒక కాలేజీ ఉండాలన్న పట్టుదల బందరు మిత్రుల్లో అప్పుడు ముదిరింది. ముట్నూరి చేతిలో కృష్ణాపత్రిక ఉంది. 1902లో మొదలైన ఆ పత్రికకు 1907 నుంచి ఆయనే సంపాదకుడు. పట్టాభికి వైద్యవృత్తి, ఊళ్లో పలుకుబడి ఉన్నాయి. హనుమంతరావు ప్లీడరు వృత్తి వదులుకుని తన జీవితాన్నే తెచ్చి అక్కడ పెట్టారు.

కళాశాలలో పుస్తకంతోపాటు నేత, వడ్రంగం, యంత్రశాల పని, చిత్రకళ నేర్పారు. తల పనిచేసేవాడికి చెయ్యీ పనిచెయ్యాలన్నది వాళ్ల పట్టు. పక్కనే భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఇక్కడ పాఠం చెప్పారు. ఆయన జాతీయ పతాకాల పుస్తకం అచ్చయిన 1916లో ఆయన ఈ కళాశాల ఉపాధ్యాయుడే. బెంగాల్ నుంచి చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చి రంగులు కలపడం నేర్పితే, ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు తర్వాత 1934 నుంచి 1939 దాకా ఇదే కళాశాలకు ప్రధానాచార్యులయ్యారు. విశ్వనాథ సత్యనారాయణ ఇక్కడ కొంతకాలం పనిచేశారు. 1921లో గాంధీజీ బందరు వచ్చారు, కళాశాల చూశారు. తెలుగునాట మరే చిన్న కాలేజీకి ఇంతమంది మహామహులు ఒకే హాజరుపట్టీలో దొరకరు.

1922లో కథ మలుపు తిరిగింది. చౌరీచౌరా తర్వాత గాంధీజీ సహాయనిరాకరణ ఆపేశారు. సర్కారు కాలేజీలు మాని వచ్చిన పిల్లలు దేశమంతటా తిరుగుముఖం పట్టారు. జాతీయ విద్యాలయాల పట్టాతో సర్కారు కొలువు రాదు, ప్లీడరీకి పనికిరాదు. సరిగ్గా ఆ ఏడే హనుమంతరావు కన్నుమూశారు. నలభై దాటిన తొలినాళ్లు.

కళాశాల మూతపడలేదు. నడిచింది. కానీ ఆ ఊపు మళ్లీ రాలేదు. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి మొదటి గూడు ఇచ్చింది రాజుపేటలోని ఈ జాతీయ కళాశాల ఆవరణే. తర్వాత విశ్వవిద్యాలయం రుద్రవరంలో సొంత ప్రాంగణానికి వెళ్లిపోయింది.

ఎక్కడ తేడా వచ్చింది?

జాతీయ కళాశాలకు ఆశయం లోటు లేదు, మేధ లోటు లేదు, త్యాగం అసలే లోటు లేదు. లేనివి మూడు: మూలనిధి, బయట చెల్లే పట్టా, హనుమంతరావు తర్వాత ఎవరన్నదానికి జవాబు. చందాలతో నడిచే సంస్థకు చందా అడిగే మనిషి పోతే ఏటేటా గండమే. ఈ మాట అనడం హనుమంతరావు గారిని చిన్నబుచ్చడం కాదు. ఒక మనిషి మోయాల్సినదానికంటే చాలా ఎక్కువ బరువును ఊరంతా కలిసి ఆయన భుజాన పెట్టి ఊరుకున్నారన్నదే నా బాధ.

అదే బందరులో, అదే మిత్రబృందం నుంచి పుట్టిన ఇంకో సంస్థ ఎలా నడిచిందో చూడండి. 1923 నవంబరు 20న పట్టాభి ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. దానికి వాటాదార్లు, డైరెక్టర్లు, లెక్కలు, ఏటా సమావేశం ఉన్నాయి. పట్టాభి రాజకీయాల్లో జైళ్ల చుట్టూ తిరిగినా బ్యాంకు ఆగలేదు. 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసేదాకా 96 ఏళ్లకు పైగా సొంత పేరుతో బతికింది. 1926లో బందరులోనే మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లి ఇప్పటికీ పని ఇస్తోంది. ఆ ఊరి మనుషులకు సంస్థ నడపడం రాదనడానికి వీల్లేదు. బ్యాంకుకు చూపిన జాగ్రత్త కళాశాలకు చూపలేదు, అంతే. విద్య పవిత్రం కాబట్టి దానికి డబ్బు లెక్క, వారసత్వ లెక్క అక్కర్లేదన్న భావన మనలో ఇప్పటికీ ఉంది. అది మన పిల్లలకు చేటు చేస్తోంది.

నాలుగో బట్టీ

అమెరికాలో 1964కు ముందు నల్లజాతి వాళ్ల చదువు కోసమే పుట్టిన కళాశాలల్ని 1965 ఉన్నతవిద్యా చట్టం ప్రత్యేక వర్గంగా గుర్తించింది. అలాంటివి ఇవాళ సుమారు వంద. వాటిలో చాలా భాగం చిన్నవి, పేదవి. తెల్లవాళ్ల కాలేజీలు గడప తొక్కనివ్వని రోజుల్లో చర్చి వసారాల్లో, పాత పూరిళ్లలో మొదలైనవి.

అలబామాలోని టస్కీగీ 1881 జులై 4న తెరుచుకుంది. ప్రధానాచార్యుడు బుకర్ టి. వాషింగ్టన్‌కు పాతికేళ్లు. పుట్టుకతో బానిస. రాష్ట్రప్రభుత్వం ఇచ్చింది ఏడాదికి 2,000 డాలర్లు, అదీ జీతాలకు మాత్రమే. స్థలానికి గానీ, గోడకు గానీ పైసా లేదు. పాడుబడిన తోట ఒకటి, నూరెకరాలు, 500 డాలర్లకు బేరం చేశాడు. మొదటి వాయిదాకు అప్పు తెచ్చాడు.

భవనం కావాలి, ఇటుకలు కొనే తాహతు లేదు. మనమే కాలుద్దామన్నాడు. పిల్లలు మోకాలి లోతు మట్టిలో దిగి ఇటుక కోశారు. మొదటి బట్టీ పాడైంది. రెండోది పాడైంది. మూడోది దాదాపు కాలినట్టే కాలి, అర్ధరాత్రి కూలిపోయింది. చేతిలో డాలరు లేదు. వాషింగ్టన్ మాంట్‌గోమరీ వెళ్లి తన గడియారం 15 డాలర్లకు తాకట్టు పెట్టాడు. ఆ డబ్బుతో నాలుగో బట్టీ కాల్చారు, ఇటుక నిలిచింది. గడియారాన్ని గడువులోగా విడిపించుకోలేకపోయాడు. కొన్నేళ్లకు ఆ బడి ఏడాదికి 12 లక్షల ఇటుకలు చేసే స్థితికి వచ్చింది. నల్లపిల్లల బడి అంటే ముఖం చిట్లించిన తెల్ల ఇరుగుపొరుగు మంచి ఇటుక కోసం ఆ గుమ్మానికే వచ్చారు.

గాంధీజీ 1903లోనే దక్షిణాఫ్రికాలో తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో వాషింగ్టన్ గురించి మెచ్చుకుంటూ రాశారు. చేతిపని, చదువు కలిపి నేర్పడంలో బందరు కళాశాల టస్కీగీకి తోడబుట్టినట్టు కనిపిస్తుంది. ఇటుక కాల్చడం దాకా రెండిటి దారీ ఒకటే. తేడా ఆ తర్వాత మొదలైంది. వాషింగ్టన్ ఏటా సగం రోజులు రైళ్లలో తిరిగి డబ్బు అడిగాడు, కానీ అడిగిందంతా ఆ ఏటి ఖర్చుకు ఊడ్చెయ్యలేదు. 1903లో ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన 6 లక్షల డాలర్లు మూలనిధిలోకి వెళ్లాయి. 1915లో వాషింగ్టన్ పోయేనాటికి నూరుకు పైగా భవనాలు, సుమారు 1,500 మంది విద్యార్థులు, 20 లక్షల డాలర్లకు చేరువైన మూలనిధి ఉన్నాయి. తర్వాత రాబర్ట్ మోటన్ వచ్చి 1935 దాకా నడిపాడు. ఆయన తర్వాత ఫ్రెడరిక్ ప్యాటర్సన్ 1953 దాకా నడిపాడు. 72 ఏళ్లలో ముగ్గురే పెద్దలు, పగ్గాలు చేతులు మారినా బండి తోవ తప్పలేదు.

వాషింగ్టన్ దారి అందరికీ నచ్చలేదు. తెల్ల ధనవంతుల ముందు ఒదిగి ఉండి, మా పిల్లలకు చేతిపనే చాలంటే మా హక్కుల మాటేమిటని డబ్ల్యూ. ఈ. బి. డుబాయిస్ 1903లో గట్టిగా నిలదీశాడు. ఆ నిలదీత న్యాయమైనదే. దాతను చూసి మాట మింగాల్సిన కళాశాల ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది. బందరు మిత్రులు దొర ముందు ఒదగలేదు, అందుకు వాళ్లకు దండం పెట్టాలి. ఆ స్వాతంత్ర్యానికి అయ్యే ఖర్చు ఎవరు, ఎన్నేళ్లు భరించాలో ముందే రాసి పెట్టుకోకపోవడమే లోటు.

ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ప్యాటర్సన్ చేసిన పని. రెండో ప్రపంచయుద్ధ కాలంలో చిన్న నల్లజాతి కాలేజీలన్నీ విడివిడిగా అవే తలుపులు తట్టి, అదే దాతల్ని అడిగి, ఒకదాని చందా ఒకటి తినేస్తున్నాయి. కలిసి అడుగుదాం రమ్మని ఆయన 1943లో పత్రికాముఖంగా పిలిచాడు. 1944లో 27 కాలేజీలు చేరి యునైటెడ్ నీగ్రో కాలేజ్ ఫండ్ పెట్టుకున్నాయి. ఎనభై ఏళ్లు దాటినా అది నడుస్తూనే ఉంది.

గోల్‌పోస్టుల మధ్య కూరగాయలు

పాత కథలు చాలు, నిన్నమొన్నటిది చూద్దాం. టెక్సస్‌లోని డాలస్‌లో పాల్ క్విన్ కాలేజీ ఉంది. 1872లో పుట్టింది. 2007లో మైకేల్ సోరెల్ అధ్యక్షుడిగా వచ్చేనాటికి భవనాలు పాడుబడ్డాయి, పిల్లలు పలచబడ్డారు, అప్పులు పెరిగాయి. 2009లో గుర్తింపు కూడా పోయే స్థితి వచ్చింది. సోరెల్ మొట్టమొదట ఫుట్‌బాల్ జట్టును రద్దు చేశాడు. టెక్సస్‌లో ఫుట్‌బాల్ ఆపడమంటే మన ఊళ్లో తిరునాళ్ల ఆపినంత పని. ఆ చుట్టుపక్కల మంచి కూరగాయలు అమ్మే దుకాణం లేదు. 2010లో ఆటస్థలాన్ని దున్ని పొలం చేశారు. గోల్‌పోస్టులు అలాగే ఉన్నాయి, వాటి మధ్య ఆకుకూరలు. పంట కొంత చుట్టుపక్కల పేదలకు, కొంత అమ్మకానికి. కొన్నది ఎవరంటే, డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ స్టేడియం వాళ్లు కూడా.

తర్వాత ఇంకో అడుగు వేశారు. ప్రతి విద్యార్థీ చదువుతోపాటు పని చేయాలి, ఆ పనితో ఫీజు తగ్గాలి. 2017లో అమెరికా ప్రభుత్వం దాన్ని పని కళాశాలగా గుర్తించింది. ఈలోపే వేరే గుర్తింపు సంస్థ నుంచి గుర్తింపు సంపాదించుకున్నారు. ఇందులో ఎక్కడా మాయ లేదు. మా దగ్గర చదివేది ఎవరు, వాళ్ల ఇంట్లో ఉన్న ఇబ్బంది ఏమిటి, మా చుట్టూ ఉన్న ఊరికి ఏం కావాలి అని అడిగి, ఆ జవాబుకు అడ్డొచ్చిన ముచ్చటను వదులుకోవడానికి సిద్ధపడ్డారు.

మన గడప దగ్గర

నల్లజాతి కాలేజీలతో మన జాతీయ కళాశాలను పోల్చేటప్పుడు ఒక నిజం దాచకూడదు. అవి అక్షరం నిషేధించిన వాళ్ల కోసం పుట్టాయి. మన దేశంలో అక్షరం నిషేధించింది ఒక్క తెల్లదొరే కాదు. నోబుల్ బడి ఎవరి కోసం తెరిచారో ముందే చెప్పాను. రఘుపతి వెంకటరత్నం నాయుడు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో దళిత విద్యార్థుల చదువుకు దారి చేయడానికి లోకంతో పోరాడాల్సి వచ్చింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన తొలి ఆది ఆంధ్ర మహాసభ నాటికే చదువు ముఖ్యమైన ఆకాంక్ష. తర్వాత ఆ పని ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు చాలావరకు చేశాయి. ఇవాళ దివిసీమలో ఏ డిగ్రీ కళాశాలకైనా వెళ్లండి. మాలపల్లి నుంచి, మాదిగపల్లి నుంచి, మత్స్యకారుల పల్లెల నుంచి, కౌలురైతు ఇంటి నుంచి ఇంట్లో తొలి డిగ్రీ కోసం వచ్చిన పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. ఇంజినీరింగ్‌కు విజయవాడ, గుంటూరు పోగలిగినవాళ్లు పోయారు. ఇక్కడ మిగిలిన చిన్న కాలేజీ ఈ పిల్లలకున్న ఒకే ఒక్క మెట్టు.

అలాంటి కాలేజీకి పాతికేళ్ల ప్రణాళిక కావాలా? పుస్తకాల్లో ఇప్పటికే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి కళాశాలా అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలంది. యూజీసీ 2024లో దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. నాక్ బృందం వచ్చినప్పుడు అడుగుతుంది కూడా. బృందం వెళ్లాక ఆ ఫైలు ఎన్ని కాలేజీల్లో మళ్లీ తెరుచుకుంటుంది?

తెరుచుకోకపోవడానికి అధ్యాపకుల్ని తప్పుపట్టలేను. 2020లో నాలుగేళ్ల ఆనర్స్ వచ్చింది, 2021లో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమన్నారు, 2023లో సింగిల్ మేజర్ వచ్చింది. అదే 2021లో ఎయిడెడ్ కళాశాలల్ని సిబ్బందిని అప్పగించమన్నారు, రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యమైతే జీతాలు ఆగే యాజమాన్యం వచ్చే ఏడు గట్టెక్కితే చాలనుకుంటుంది. పాతికేళ్ల మాట ఎత్తే తీరిక వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

అయినా ఎత్తక తప్పదు, ఎందుకంటే రాబోయేది ఇప్పటికే కనిపిస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటు సంతానం 1.7. జనాభా నిలకడగా ఉండాలంటే కావాల్సింది 2.1. ఇవాళ అంగన్‌వాడీలో పిల్లలు తగ్గితే పదిహేనేళ్లకు డిగ్రీ క్లాసులో బెంచీలు ఖాళీ. సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. 1864 నవంబరు తుఫాను బందరులో సుమారు 30 వేల మందిని మింగింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది, మృతులు పదివేలని ప్రభుత్వ లెక్క. ఈ నేలమీద కళాశాల భవనం కట్టేవాడు అది తుఫాను షెల్టరుగా కూడా పనికొచ్చేలా కట్టాలి. ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కుతోంది, వరి చేలు చేపల, రొయ్యల చెరువులవుతున్నాయి. మోపిదేవి లంకల్లో అరటి, కంద, పసుపు వేసే రైతుకు నేల పరీక్ష, నీటి పరీక్ష కావాలి. బందరు రేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఈ నాలుగిటినీ ఒక కాగితం మీద పెట్టి చూస్తే దివిసీమ కాలేజీలో ఏ కోర్సు ఉండాలో, ఏ ల్యాబ్ ఉండాలో ఊరి రైతే చెప్పగలడు. పాల్ క్విన్ ఆటస్థలాన్ని దున్నినట్టు మనం దేన్ని దున్నాలో మాత్రం మనమే తేల్చుకోవాలి.

డబ్బు ఎక్కడిదంటారా? గుడివాడను చూడండి. 1950లో మొదలైన అక్కడి కళాశాల అక్కినేని నాగేశ్వరరావు పేరుతో నడుస్తోంది. పెద్ద చదువు చదవని ఆ నటుడు చదువుకు ఇచ్చిన విరాళానికి ఊరు చూపిన గౌరవం అది. ఇవాళ మన మండలాల నుంచి అమెరికా వెళ్లినవాళ్లు గుళ్లకు, ఆర్చీలకు ఉదారంగా ఇస్తున్నారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధికి ఇచ్చే చేతులు పక్కనున్న కాలేజీకి ఇవ్వవని నేను నమ్మను. అడిగేవాళ్లు ఒక పద్ధతి ప్రకారం అడగలేదు. ఇచ్చినదాన్ని ఖర్చుచేయకుండా మూలనిధిగా ఉంచి, వడ్డీతోనే నడుపుతామని, ఏటా లెక్క చూపుతామని ఎవరూ రాసివ్వలేదు.

కాబట్టి పూర్వవిద్యార్థులకు, యాజమాన్యాలకు, అవనిగడ్డ, చల్లపల్లి, బందరు, గుడివాడల్లో చదువు గురించి పట్టించుకునే ప్రతి ఒక్కరికీ నా మనవి ఇది. ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగా మీ కాలేజీ పెద్దలతో కూర్చోండి. 2050లో ఈ గదుల్లో ఎవరు కూర్చుంటారో, వాళ్ల ఫీజు ఎవరు కడతారో, ఇప్పటి ప్రిన్సిపాల్ రిటైరైతే పగ్గాలు ఎవరికో రాయించండి. 27 కాలేజీలు కలిసినట్టు దిగువ కృష్ణా చిన్న కాలేజీలన్నీ ఒక నిధి కింద కలిసేలా చూడండి. దానికి పేరు వెతుక్కోవాల్సిన పని లేదు. కోపల్లె హనుమంతరావు నిధి అని పెట్టండి, మొదటి చందా మీరే వెయ్యండి.